వెర్మేర్ పేరులోని సరస్సు

నెదర్లాండ్స్‌లోని డెల్ఫ్ట్ నగరపు చిత్రకారుడు యోహానెస్ వెర్మేర్ (1632–1675) ఇంటిపేరుకు అర్థమేమిటని ఒక పాఠకురాలు అడిగారు. 'సరస్సు దగ్గరివాడు' అని ఒక్క మాటలో చెప్పి ఊరుకోవచ్చు గాని, ఆ పేరులో వాడుక నుంచి ఏనాడో తప్పుకొన్న వ్యాకరణం ఒకటి చెక్కుచెదరకుండా నిలిచి ఉంది. నాకు ఆసక్తి కలిగించేది అదే.

దాని పూర్తిరూపం 'వాన్ డెర్ మేర్'. 'వాన్' అంటే 'నుంచి', 'మేర్' అంటే సరస్సు; నడుమనున్న 'డెర్' ఇంగ్లీషు 'ది' వంటి మాట. మొదటి రెండు మాటలు పలుకుబడిలో కుంచించుకుపోయి 'వెర్' అయ్యాయి. వాగును చెప్పే 'వెర్బేక్' కూడా అలా పుట్టినదే. మధ్యయుగపు డచ్చిలో నామవాచకాలకు విభక్తులుండేవి కనుక, 'వాన్' తరువాత స్త్రీలింగ పదం వస్తే 'డెర్', పుంలింగ పదం వస్తే 'డెన్' చేరేది: కొండ దగ్గరివాడు 'వాన్ డెన్ బెర్గ్'. ఆ విభక్తులు తరువాత రాలిపోయాయి. నేటి డచ్చిలో 'మేర్' నపుంసకలింగం. 'సరస్సు నుంచి' అనడానికి ఇప్పుడు 'వాన్ హెట్ మేర్' అనాలి. ఇంటిపేరు మాత్రం పాత లింగాన్నీ పాత విభక్తినీ వదలలేదు.

మన ఇంటిపేర్లు చేసిన పనీ ఇదే. చిలుకూరు నుంచి చిలుకూరి, చింతలపాడు నుంచి చింతలపాటి, నిడమర్రు నుంచి నిడమర్తి వచ్చాయి. బడిలో విసుగ్గా వల్లించిన ఇ, టి, తి అనే ఔపవిభక్తికాలు (విభక్తి చేరేముందు నామవాచకం చివర వచ్చే మార్పులు) మూడూ ఇక్కడే కనిపిస్తాయి. ఈ ఉదాహరణలతో మొదలుపెడితే ఆ పాఠం పిల్లలకు ఇంత చేదుగా ఉండదు. తేడా ఏమిటంటే, డచ్చివారు సంబంధాన్ని పేరుకు ముందు చెబితే మనం చివర చెబుతాం. పైగా మన 'ఊరి', 'పాటి' రూపాలు నేటికీ జీవభాషలోవే.

జర్మన్ 'ఫాన్' వలె డచ్చి 'వాన్' కూడా జమీందారీ గుర్తేనన్నది అపోహ. 1811లో నెపోలియన్ నెదర్లాండ్స్‌లో ఇంటిపేర్ల నమోదు తప్పనిసరి చేస్తే, జనం వెక్కిరింతకు 'నాక్ట్‌గెబోరెన్' (దిగంబరంగా పుట్టినవాడు) వంటి పేర్లు పెట్టుకున్నారన్న కథా అంతే. ఆ పేరు అంతకు ముందునుంచే ఉంది.

పేరునుబట్టి పూర్వుల ఇల్లు సరస్సు ఒడ్డునే ఉండేదని తీర్మానించడమూ తొందరపాటే. చిత్రకారుడి తండ్రి మొదట 'వోస్', అంటే నక్క, అన్న పేరుతో చలామణీ అయి, తరువాతే వెర్మేర్ అయ్యాడు.

నెదర్లాండ్స్‌లో నేటికీ పేర్ల పట్టికలో వాన్ డెర్ మేర్‌ను 'ఎమ్' అక్షరం కిందనే వెదకాలి. పక్కనున్న బెల్జియంలోనైతే 'వి' కింద.