కంట్రోల్ వి కొట్టే ముందు: ఎక్సెల్ పేస్టింగ్ మీద అపోహలు - వాస్తవాలు

ఇంటి నంబరు 4-67. వెబ్ పేజీలోని జాబితా నుంచి కాపీ చేసి ఎక్సెల్‌లో పేస్ట్ చేయండి. సెల్‌లో "ఏప్రిల్-67" అని పడుతుంది. అయ్యో, తేదీ అయిపోయిందే అని ఆ కాలమ్‌ని టెక్స్ట్ ఫార్మాట్‌లోకి మారిస్తే ఈసారి 24563 అని వస్తుంది. ఎక్సెల్ 1900 జనవరి 1ని ఒకటో రోజుగా పెట్టుకుని రోజులు లెక్కపెడుతుంది. ఆ లెక్కలో 1967 ఏప్రిల్ 1కి దక్కిన వరుస సంఖ్య అది. మన ఇంటి నంబరు మాత్రం ఫైల్‌లో ఎక్కడా లేదు.

పద్నాలుగేళ్లుగా జాబితాలు, బ్యాంకు స్టేట్‌మెంట్లు, జీతాల షీట్లతోనే నా పని. కొత్తగా చేరినవాళ్లకు పని నేర్పేదీ నేనే. వాళ్లు ఫార్ములాలు తొందరగానే పట్టేస్తారు. తప్పులు ఎక్కువగా జరిగేది పేస్ట్ దగ్గర. ఆ తప్పుల వెనక దాదాపు ఎప్పుడూ ఇవే నమ్మకాలు కనిపిస్తాయి.

అపోహ: ఫార్మాటింగ్ అంటే రంగులు, గీతలు, ఫాంట్లు. ముందు పేస్ట్ చేసేస్తే తర్వాత తీరిగ్గా సర్దుకోవచ్చు.

వాస్తవం: సెల్‌లో రెండు విషయాలు ఉంటాయి. లోపల దాచుకున్న విలువ ఒకటి, దాన్ని మనకు చూపించే తీరు ఇంకొకటి. రంగు, ఫాంట్, బోర్డర్ రెండోదానికి చెందుతాయి, వాటిని ఎప్పుడైనా మార్చుకోవచ్చు. కానీ బయటి నుంచి వచ్చిన అక్షరాలను అంకెగా తీసుకోవాలా, తేదీగా తీసుకోవాలా, ఉన్నది ఉన్నట్టు ఉంచాలా అన్నది ఎక్సెల్ పేస్ట్ చేసిన క్షణంలోనే తేల్చేస్తుంది. ఆ నిర్ణయం విలువనే మార్చేస్తుంది. తర్వాత ఎన్ని ఫార్మాట్లు మార్చినా మారిన విలువ మీదే మారుస్తున్నాం.

మన దగ్గర ఇది మరీ ఎక్కువ, ఎందుకంటే మన ఇంటి నంబర్లు చాలావరకు అడ్డగీతలతోనే ఉంటాయి. కంప్యూటర్ రీజియన్ ఇండియా అని ఉంటే 5-11 కాస్తా నవంబరు 5 అవుతుంది. 2-10-15 అయితే 2015 అక్టోబరు 2 అవుతుంది. హైదరాబాద్‌లో కనిపించే 3-6-754 లాంటివి బతికిపోతాయి, 754 అనే సంవత్సరం ఎక్సెల్ లెక్కలో లేదు కాబట్టి. ఒకే కాలమ్‌లో కొన్ని నంబర్లు బాగుండి కొన్ని తేదీలవడమే అసలు ప్రమాదం. పైనుంచి పది వరుసలు చూసి అంతా సరిగ్గానే ఉందనుకుని ముందుకు వెళ్లిపోతాం.

ఆపడం తేలికే. పేస్ట్ చేయబోయే కాలమ్‌ని ముందే సెలెక్ట్ చేసి టెక్స్ట్ ఫార్మాట్ ఇవ్వాలి. తర్వాత పేస్ట్ చేసేటప్పుడు "మ్యాచ్ డెస్టినేషన్ ఫార్మాటింగ్" ఎంచుకోవాలి. ఈ రెండో అడుగు చాలామంది వదిలేస్తారు. వెబ్ పేజీ నుంచి మామూలుగా పేస్ట్ చేస్తే ఆ పేజీ ఫార్మాటింగ్ వచ్చి మనం ఇచ్చిన టెక్స్ట్ ఫార్మాట్‌ని తుడిచేస్తుంది, నంబరు మళ్లీ తేదీ అయి కూర్చుంటుంది. మ్యాచ్ డెస్టినేషన్ బదులు కంట్రోల్ ఆల్ట్ వి నొక్కి పేస్ట్ స్పెషల్ తెరిచినా పని జరుగుతుంది. అక్కడ తెలుగు పేర్లు కూడా ఉంటే "టెక్స్ట్" వద్దు, "యూనికోడ్ టెక్స్ట్" తీసుకోండి. లేకపోతే పేర్లన్నీ ప్రశ్నార్థకాలవుతాయి.

అపోహ: ఇలాంటి పొరపాట్లు అజాగ్రత్తగా పనిచేసేవాళ్లకే జరుగుతాయి.

వాస్తవం: జన్యు శాస్త్రవేత్తలకూ జరిగాయి. మార్చ్1, సెప్ట్1 అనే పేర్లున్న జన్యువులను ఎక్సెల్ మార్చి 1, సెప్టెంబరు 1 చేసేసేది. ఎక్సెల్ జాబితాలు జతచేసిన జన్యు పరిశోధన పత్రాల్లో సుమారు ఐదో వంతులో ఇలాంటి తప్పులున్నాయని 2016లో ఒక అధ్యయనం చూపించింది. చివరికి జన్యువులకు పేర్లు పెట్టే అంతర్జాతీయ కమిటీయే 2020లో ఆ పేర్లను మార్చ్‌ఎఫ్1, సెప్టిన్1 అని మార్చింది. 2023లో మైక్రోసాఫ్ట్ ఎక్సెల్ ఆప్షన్స్‌లోని డేటా విభాగంలో "ఆటోమేటిక్ డేటా కన్వర్షన్" అనే సెట్టింగులు ఇచ్చింది. ముందున్న సున్నాలు తీసేయకుండా, పొడవైన నంబర్లను కుదించకుండా అక్కడ ఆపుకోవచ్చు. మీ వెర్షన్‌లో ఉంటే తప్పక చూడండి. అయితే తేదీల సెట్టింగు జాన్1 లాగా అక్షరాలు, అంకెలు కలిసిపోయి ఉన్నవాటికే పనికొస్తుంది. అడ్డగీతల ఇంటి నంబర్లకు టెక్స్ట్ కాలమే దిక్కు.

అపోహ: అయితే ఎప్పుడూ "వాల్యూస్" గానే, అంటే ఫార్ములా, ఫార్మాటింగ్ లేకుండా ఉత్త విలువలుగానే పేస్ట్ చేస్తే ఏ గొడవా ఉండదు.

వాస్తవం: నేను నేర్పే చోట ఈ అపోహను వదిలించడానికే ఎక్కువ టైమ్ పడుతుంది, ఎందుకంటే ఇది సగం నిజం. ఒక షీట్ నుంచి ఇంకో షీట్‌కి ఫార్ములాల ఫలితాలు తెచ్చుకోవడానికి వాల్యూస్ మంచి పద్ధతి. కొత్త మైక్రోసాఫ్ట్ 365లోనూ, గూగుల్ షీట్స్‌లోనూ కంట్రోల్ షిఫ్ట్ వి కొడితే చాలు. కానీ ఫార్మాటింగ్‌లోనే సమాచారం ఉన్నప్పుడు దాన్ని వదిలేస్తే సమాచారం కూడా పోతుంది.

తేదీలు చూడండి. 15-03-2023 ఉన్న సెల్‌ని కాపీ చేసి ఖాళీ కాలమ్‌లో వాల్యూస్‌గా పేస్ట్ చేస్తే 45000 అని వస్తుంది. ఇది కంగారు పడాల్సిన విషయం కాదు, తేదీ ఫార్మాట్ ఇస్తే సరిపోతుంది. "వాల్యూస్ అండ్ నంబర్ ఫార్మాటింగ్" ఎంచుకుంటే అసలు ఆ అవసరమే రాదు.

అకౌంట్ల సాఫ్ట్‌వేర్ టాలీలోని లెడ్జర్ విషయం వేరు. టాలీ నుంచి ఎక్సెల్‌కి ఎక్స్‌పోర్ట్ చేసిన బ్యాలెన్స్ కాలమ్‌లో ఒక వరుసలో 25,000 డిఆర్ (డెబిట్) అని, కింద 18,000 సిఆర్ (క్రెడిట్) అని కనిపిస్తుంది. ఆ సెల్ మీద క్లిక్ చేసి ఫార్ములా బార్ చూడండి. ఉత్త 25000, ఉత్త 18000. డిఆర్, సిఆర్ అనేవి నంబర్ ఫార్మాట్‌లో మాత్రమే ఉన్నాయి. వాల్యూస్‌గా పేస్ట్ చేసిన మరుక్షణం మనకు రావలసినదేదో, మనం ఇవ్వవలసినదేదో తేడా తెలియదు. మొత్తం కూడితే 43,000 వస్తుంది, రావలసింది 7,000. అకౌంట్స్ పని చేసే ప్రతి ఒక్కరూ ఒకసారి తమ ఫైల్ తెరిచి ఇది చూడాలని నా కోరిక. డెబిట్, క్రెడిట్ వేర్వేరు కాలమ్‌లుగా వచ్చే రిపోర్టు తీసుకుంటే ఈ బాధ ఉండదు.

అను ఫాంట్లలో టైప్ చేసిన పాత తెలుగు ఫైళ్లకూ ఇదే వర్తిస్తుంది. అవి యూనికోడ్ కావు. లోపల ఉన్నవి ఇంగ్లిష్ అక్షరాలు, గుర్తులే, ఫాంటు వాటిని తెలుగులా చూపిస్తుంది. ఫార్మాటింగ్ లేకుండా పేస్ట్ చేస్తే పేర్లన్నీ పిచ్చి గీతల్లా కనిపిస్తాయి. ఫైల్ పాడైందని పారేయకండి, మళ్లీ అదే అను ఫాంటు ఇస్తే పేర్లు తిరిగొస్తాయి.

అపోహ: ఆధార్ నంబరు 2.34568ఇ+11 లాగా కనిపిస్తే పోయినట్టే.

వాస్తవం: పోలేదు. ఎక్సెల్ 15 అంకెల వరకు కచ్చితంగా దాచుకుంటుంది, ఆధార్‌కు 12 అంకెలే. జనరల్ ఫార్మాట్‌లో 11 అంకెలు దాటితే అలా కుదించి చూపిస్తుంది, అంతే. నంబర్ ఫార్మాట్ ఇచ్చి దశాంశాలు సున్నా చేస్తే మొత్తం కనిపిస్తుంది. అయితే కుదించి కనిపిస్తున్నప్పుడే ఫైల్‌ని సీఎస్‌వీగా (కామాలతో విడదీసిన ఉత్త టెక్స్ట్ ఫైల్‌గా) సేవ్ చేస్తే, కనిపిస్తున్నదే ఫైల్‌లోకి వెళ్తుంది. అప్పుడు నిజంగానే పోతుంది. ఇక 16 అంకెల బ్యాంకు ఖాతా నంబర్లకైతే పేస్ట్ చేసిన వెంటనే చివరి అంకె సున్నా అయిపోతుంది. ఆ జీతం ఎవరి ఖాతాకు పంపబోతున్నామో ఆలోచించండి. ఖాతా నంబర్ల కాలమ్ ఎప్పుడూ టెక్స్ట్‌గానే ఉండాలి.

అపోహ: తేదీలు తేదీల్లాగే కనిపిస్తున్నాయి కాబట్టి సరిగ్గానే ఉన్నాయి.

వాస్తవం: కంప్యూటర్ రీజియన్ అమెరికా అని ఉంటే 03/04/2024 అనే ఏప్రిల్ 3 కాస్తా మార్చి 4 అవుతుంది. 13/04/2024కి వచ్చేసరికి 13వ నెల లేదు కాబట్టి అది టెక్స్ట్‌గా ఉండిపోతుంది. అంటే ఒక నెల స్టేట్‌మెంట్‌లో మొదటి 12 రోజుల తేదీల్లో దాదాపు అన్నీ తప్పు, మిగతావి అసలు తేదీలే కావు. దీన్ని కంటితోనే పట్టుకోవచ్చు. అలైన్‌మెంట్ ఏమీ మార్చకుండా కాలమ్‌ని కాస్త వెడల్పు చేయండి. అసలు తేదీలు కుడివైపు, టెక్స్ట్ ఎడమవైపు ఉంటాయి. కాలమ్ రెండుగా చీలినట్టు కనిపిస్తే ఆ డేటాని తీసేసి, విండోస్ రీజియన్‌ని ఇండియాకు మార్చి, మళ్లీ పేస్ట్ చేయండి. ఉన్నచోటే మరమ్మతు చేయబోతే ఇంకా చిక్కుపడుతుంది.

అపోహ: డేటా వ్యాలిడేషన్ (సెల్‌లోకి ఏ విలువలు రావచ్చో చెప్పే నియమం) పెట్టాను, తప్పు విలువ లోపలికి రాదు.

వాస్తవం: టైప్ చేస్తే రాదు, పేస్ట్ చేస్తే వస్తుంది. వేరే సెల్ నుంచి మామూలుగా పేస్ట్ చేస్తే వ్యాలిడేషన్ నియమమే చెరిగిపోతుంది. వాల్యూస్‌గా పేస్ట్ చేస్తే నియమం ఉంటుంది కానీ తప్పు విలువను ఆపదు. డేటా ట్యాబ్‌లో "సర్కిల్ ఇన్‌వ్యాలిడ్ డేటా" నొక్కితే, నియమం ఇంకా ఉన్న సెల్‌లలోని తప్పు విలువల చుట్టూ ఎర్ర సున్నా చుడుతుంది.

అపోహ: ఖాళీలు వస్తే అదనపు స్పేస్‌లు తీసేసే ట్రిమ్ ఫంక్షన్ ఉంది కదా.

వాస్తవం: వెబ్ పేజీల నుంచి వచ్చే ఖాళీ చాలాసార్లు మామూలు స్పేస్ కాదు, దాని కోడ్ 160. ట్రిమ్ దాన్ని ముట్టుకోదు. ఆ ఖాళీని కాపీ చేసి, ఫైండ్ అండ్ రీప్లేస్‌లో ఫైండ్ దగ్గర పేస్ట్ చేసి, రీప్లేస్‌ని ఖాళీగా వదలండి.

అపోహ: తేదీగా మారినా ఫార్ములాతో వెనక్కి తెచ్చుకోవచ్చు.

వాస్తవం: ఒక్కోసారే. ఒక ఊరి ఇళ్ల జాబితా నా దగ్గరకు వచ్చేసరికి ఎవరో చక్కగా ఉండాలని కాలమ్ మొత్తానికి ఒకే తేదీ ఫార్మాట్ ఇచ్చేశారు. 01-04-1967 అని ఉన్న సెల్ ఒకప్పుడు 4-67 కావచ్చు, 1-4-67 కూడా కావచ్చు. రెండింటికీ లోపలున్నది అదే 24563. "ఏప్రిల్-67" అన్న రూపం ఉండి ఉంటే కనీసం గుర్తుపట్టేదాన్ని, ఆ ఆనవాలు కూడా చెరిగిపోయింది. ఏ ఫార్ములా సాయం చేయలేదు. కాగితం రిజిస్టర్ తెప్పించుకుని, ఇంకొకరు చదువుతుంటే నేను టైప్ చేస్తూ వారం రోజులు కూర్చున్నాం. ఆ వారం తర్వాత నా ప్రతి ఫైల్‌లో మొదటి షీట్ పేరు "అసలు". కాలమ్‌లన్నీ టెక్స్ట్‌గా పెట్టి, వచ్చిన డేటాని వచ్చినట్టే అందులో ఉంచుతాను. దిద్దేదంతా రెండో షీట్‌లోనే.