ఒక తీగ, మూడు ఫోన్లు, ఒక టోకెన్ పట్టిక

పోయిన వేసవిలో ఉరుములు మెరుపులతో వాన పడిన రాత్రి తిరుపతిలో మా ఇంటి రౌటర్ కాలిపోయింది. కేబుల్ మాత్రం బాగానే ఉంది. నేరుగా ల్యాప్‌టాప్‌కి పెడితే నాకు నెట్ వచ్చేసింది. సెలవులకు చిత్తూరు నుంచి వచ్చిన మా అక్క కూతురికేమో టెన్షన్. "మామా, పొద్దున తొమ్మిదికి నాకు ఆన్‌లైన్ టెస్ట్. నా ఫోన్‌కి ఎట్ల?"

విండోస్ 10, 11లో ఇది రెండు నిమిషాల పని. సెట్టింగ్స్‌లో నెట్‌వర్క్ అండ్ ఇంటర్నెట్ కింద మొబైల్ హాట్‌స్పాట్ ఆన్ చేస్తే, వైఫై పేరూ పాస్‌వర్డూ అక్కడే కనిపిస్తాయి. 8 పరికరాల దాకా కలుపుకోవచ్చు. కాసేపటికే తన ఫోన్, అక్క ఫోన్, నా ఫోన్ మూడూ కలిశాయి.

అసలు విశేషం ఆ బటన్ వెనకాల ఉంది. కేబుల్ తీగ మీద మాకు వచ్చిన ఇంటర్నెట్ చిరునామా (ఐపీ అడ్రస్) ఒక్కటే. మరి బయటి నుంచి వచ్చే జవాబు ఏ ఫోన్‌దో ల్యాప్‌టాప్‌కి ఎలా తెలుస్తుంది?

అలిపిరి నుంచి కొండకు నడిచి వెళ్లినవాళ్లకు ఇది తెలిసిన పద్ధతే. కింద లగేజీ కౌంటర్లో సంచి ఇచ్చి టోకెన్ తీసుకుంటాం. పైన గుట్టలుగా ఉన్న సంచుల్లోంచి టోకెన్ నంబరు చూసి మనది మనకిస్తారు. మన ఊరూ పేరూ ఎవరూ అడగరు. ల్యాప్‌టాప్ కూడా అంతే. ఫోన్ పంపిన అభ్యర్థన మీద ఫోన్ చిరునామా తీసేసి తన చిరునామా వేస్తుంది, పక్కన పోర్టు నంబరు ఒకటి తగిలిస్తుంది. ఆ నంబరు ఏ ఫోన్‌దో తన పట్టికలో రాసుకుంటుంది. జవాబు అదే నంబరుతో తిరిగొస్తుంది, పట్టిక చూసి ఆ ఫోన్‌కి అందిస్తుంది. పట్టికలో లేని నంబరుతో బయటివాళ్లు ఎవరైనా తలుపు తడితే ఫోన్ల దాకా రానివ్వదు.

దీన్ని నాట్ (NAT, నెట్‌వర్క్ అడ్రస్ ట్రాన్స్‌లేషన్) అంటారు. 1994లోనే ఇంటర్నెట్ ఇంజనీర్లు దీన్ని రాసి పెట్టారు. పాత పద్ధతి (ఐపీవీ4) చిరునామాలు మొత్తం కలిపి సుమారు 429 కోట్లే, మనిషికొకటి ఇవ్వడానికి కూడా చాలవు. చాలాచోట్ల కేబుల్ కంపెనీలు కూడా ఒకే చిరునామాను ఎన్నో ఇళ్లకు ఇలాగే పంచుతుంటాయి. మా మేనకోడలి ఫోన్లో చూస్తే 192.168.137తో మొదలయ్యే నంబరు ఉంది. విండోస్ హాట్‌స్పాట్ ఏ ఊళ్లో పెట్టినా మామూలుగా ఇవే అంకెలు. ఇల్లు దాటితే వాటికి విలువ లేదు.

ఇంతా చేస్తే నడింట్లో సిగ్నల్ ఒక్క గీతే. మధ్యలో ఇనుప బీరువా ఉంది. 2.4 గిగాహెర్ట్జ్ వైఫై అల పొడవు పన్నెండున్నర సెంటీమీటర్లు. అంత చిన్న అలకు బీరువా పెద్ద గోడే, తగిలి వెనక్కి పోతుంది. మా దగ్గరి గాదంకిలో వాతావరణాన్ని చూసే రాడార్ అల పొడవు ఐదున్నర మీటర్లకు పైనే. రెండూ రేడియో అలలే, కొలతలే వేరు. ల్యాప్‌టాప్‌ని గుమ్మం ఎదురుగా స్టూలు మీద పెట్టాక గీతలన్నీ వచ్చాయి.

మూత దించితే ల్యాప్‌టాప్ నిద్రపోతుంది, దాంతో హాట్‌స్పాట్ కూడా ఆగిపోతుంది. అందుకే మూత వేసినా ఏమీ చేయొద్దని పవర్ సెట్టింగ్స్‌లో మార్చి, చార్జర్ పెట్టి పడుకున్నాను. పొద్దున తొమ్మిదికి మా మేనకోడలు నడింట్లో కూర్చుని టెస్ట్ మొదలుపెట్టింది.