'లులు' మీద కోపం 1996లోనే మొదలైంది

అమెరికన్ మెటల్ బ్యాండ్ మెటాలికా బెంగళూరుకు వచ్చింది 2011 అక్టోబర్ 30న. అంతకు రెండు రోజుల ముందే గుర్గావ్ కచేరీ రద్దయి అక్కడ గొడవైంది. ఇదైనా జరుగుతుందా లేదా అనే టెన్షన్‌తోనే తిరుపతిలో మా గుంపు బస్సెక్కింది. ప్యాలెస్ గ్రౌండ్స్‌లో ఆ రాత్రి దాదాపు అన్నీ పాత పాటలే. అరిచి అరిచి గొంతులు పోగొట్టుకుని, పొద్దున లీలామహల్ దగ్గర దిగి, సైగలతోనే టీ చెప్పాం.

సరిగ్గా ఆ రోజే, అక్టోబర్ 31న, అమెరికన్ రాక్ గాయకుడు లూ రీడ్‌తో కలిసి వాళ్లు చేసిన 'లులు' ఆల్బమ్ విడుదలైంది. అందులోంచి ఒక్క పాటా బెంగళూరులో వాయించలేదు. ఎందుకో వారం తిరక్కుండానే, ఆల్బమ్ విని నిరాశపడ్డాక అర్థమైంది.

ఈ నిరాశ ఒక్క ఆల్బమ్‌తో వచ్చింది కాదు. 1981లో లాస్ ఏంజెలెస్‌లో మొదలైన బ్యాండ్ ఇది. 1983 నుంచి 1988 దాకా తెచ్చిన నాలుగు ఆల్బమ్‌లతో థ్రాష్ మెటల్ అనే శరవేగపు రాక్ అంటే ఏమిటో లోకానికి చూపించింది. 1991 నాటి నల్ల అట్ట ఆల్బమ్‌లో వేగం తగ్గినా, జనం లక్షల్లో పెరిగారు. 1996లో 'లోడ్' వచ్చింది. జుట్లు కత్తిరించుకున్నారు, పాటలు బ్లూస్ అనే పాత అమెరికన్ సంగీతం వైపు తిరిగాయి. జుట్టు సంగతి ఇప్పుడు నవ్వులాటగా ఉంటుంది గానీ, అప్పట్లో అది నమ్మకద్రోహమే. 2003లో 'సెయింట్ యాంగర్'. గిటార్ సోలోలు లేనే లేవు, స్నేర్ డ్రమ్ము బిందె మీద గరిటెతో కొట్టినట్టు మోగింది. 2008లో 'డెత్ మాగ్నెటిక్'తో పాత దారికి వచ్చారు. మళ్లీ నమ్మాం. దెబ్బ గట్టిగా తగిలింది అందుకే.

అవతలి మనిషి లూ రీడ్. వినేవాళ్లకు నచ్చుతుందా లేదా అని ఆయన ఏనాడూ చూసుకోలేదు. 1975లోనే గిటార్ల హోరు తప్ప పాటన్నది లేని డబుల్ ఆల్బమ్ వదిలిన ఘనుడు. 2009 అక్టోబర్‌లో న్యూయార్క్ మాడిసన్ స్క్వేర్ గార్డెన్‌లో మెటాలికాతో కలిసి వేదికెక్కాడు. అక్కడ కుదిరిన స్నేహమే 'లులు' దాకా తెచ్చింది. జర్మన్ రచయిత ఫ్రాంక్ వెడెకిండ్ నాటకాలు రెండింటి ఆధారంగా రీడ్ రాసిన మాటలు, వెనక మెటాలికా వాయిద్యం. పది పాటలు, దాదాపు 87 నిమిషాలు.

పాతదాన్ని మారిస్తే ముఖం మాడ్చుకోవడం తిరుపతికి కొత్త కాదు. అన్నమయ్య కీర్తనను అలవాటైన వరుసలో పాడకపోతే ఇక్కడ ఒప్పుకోనివాళ్లు ఎందరో. నిజానికి రాగిరేకుల మీద ఉన్నది సాహిత్యం, రాగం పేరు. మనం పాతవనుకునే వరుసల్లో చాలావాటిని రాళ్లపల్లి అనంతకృష్ణశర్మ వంటివారు ఇరవయ్యో శతాబ్దంలో కట్టారు. కాబట్టి ప్రయోగం చేశారన్నందుకే నేను తప్పుపట్టను.

నా ఫిర్యాదు వేరు. మేము మెటాలికాను మాటల కోసం వినలేదు. తెలుగు మీడియం చెవులకు వాళ్ల గాయకుడు హెట్‌ఫీల్డ్ ఏమంటున్నాడో సగం తెలిసేది కాదు, ఆ అవసరమూ రాలేదు. కథంతా గిటారే చెప్పేది: ఎక్కడ కోపం, ఎక్కడ దుఃఖం, ఎక్కడ పరుగు. 'లులు'లో మాటలే సర్వం. రీడ్ పాడడు, చదువుతాడు. గిటార్ ఒకే రిఫ్‌ను, అంటే తిరిగి తిరిగి వచ్చే చిన్న వరసను, పట్టుకుని పక్కన నిలబడి ఉంటుంది. మాకు తెలిసిన భాష మూగబోయింది, తెలియనిదేమో గంటన్నర మాట్లాడింది.

ఆ నవంబర్‌లోనే ఒకసారి చిత్తూరు నుంచి వస్తూ, నేనూ నా స్నేహితుడూ ఇయర్‌ఫోన్ చెరొకటి పెట్టుకుని ఆఖరి పాట మొదలుపెట్టాం. అది 19 నిమిషాలు. పాడటం ఆగిపోయింది, తీగల మూలుగు మాత్రం సాగుతూనే ఉంది. పూతలపట్టు దగ్గర పడుతుంటే వాడు ప్లేయర్‌ను చేతిలోకి తీసుకుని, అటూ ఇటూ తిప్పి చూసి, "అబ్బా, అయిపోయిందా, ఇంకా ఉండాదా?" అన్నాడు.

రీడ్ 2013 అక్టోబర్‌లో పోయాడు. 'లులు' ఆయన చేసినవాటిలోకెల్లా గొప్పదని బ్రిటిష్ రాక్ గాయకుడు డేవిడ్ బోవీ తనతో అన్నట్టు రీడ్ భార్య లారీ ఆండర్సన్ 2015లో ఒక సభలో చెప్పింది. ఈ సంగతి మావాడి చెవిన వేశాను.

"ఆయప్ప చిత్తూరు బస్సులో కూర్చుని వినుండడు" అన్నాడు.