నెల దాటాక బీసీజీకి చీము ఎందుకు?

"పుట్టినప్పుడేసిన సూదికి ఇప్పుడు చీము పట్టిందేటమ్మా?" చీపురుపల్లి, రాజాం వైపు పల్లెల్లో టీకాలేసే ఏఎన్‌ఎంలకు కొత్త ప్రశ్నేం కాదిది. సూది మంచిది కాదనుకుంటారు. కానీ బిడ్డకు క్షయ (టీబీ) రాకుండా వేసే బీసీజీ టీకా పనిచేసే తీరే అంత.

పశువులకు క్షయ తెచ్చే క్రిమిని బలహీనపరిచి చేసిన టీకా ఇది. అందులో క్రిములు బతికే ఉంటాయి. నెలలోపు బిడ్డకు 0.05 మిల్లీలీటరు, ఆపైన ఏడాదిలోపు 0.1. ఎడమ భుజం పైభాగాన, చర్మం పొరల్లోనే పడాలి. సరిగ్గా పడితే కమలా తొక్కలా గరుకుగా, సుమారు 5 మి.మీ. తెల్లటి బుడిపె లేస్తుంది, కాసేపటికి అణిగిపోతుంది. లేవలేదంటే మందు లోతుకు దిగినట్టే. పెద్ద పుండ్లు, చంకలో గడ్డలు ఇలాంటప్పుడే ఎక్కువ.

తర్వాత రెండు మూడు వారాలు పైకేమీ కనబడదు. లోపల చర్మానికి కాపలా కాసే డెండ్రిటిక్ కణాలు క్రిమి ముక్కల్ని చంకలోని లింఫ్ గ్రంథికి మోసుకెళ్లి, క్రిములతో పోరాడే తెల్ల రక్తకణాలైన టీ కణాలకు చూపిస్తాయి. వాటిని గుర్తుపట్టగల టీ కణాలు మొదట బహు కొద్ది. అవి సంఖ్య పెంచుకుని చర్మానికి చేరాలి కదా, ఆలస్యమంతా అందుకే. చేరాక గామా ఇంటర్‌ఫెరాన్ అనే సంకేత రసాయనాన్ని వదులుతాయి. దాంతో క్రిముల్ని మింగిన మాక్రోఫేజ్‌లు చురుకెక్కుతాయి. గట్టి బొడిపె, చిన్న పుండు, కాస్త చీము, పక్కు, మూడు నెలల్లోపు మచ్చ.

పసుపు, నూనె, ఆకుపసరు రాయొద్దు. నొక్కొద్దు, కట్టు కట్టొద్దు. స్నానం మామూలే, తర్వాత పొడిగుడ్డతో తడి అద్దితే చాలు. మచ్చ పడకపోయినా మళ్లీ వెయ్యరు. చంకలో చిన్న బిళ్ల తగిలితే దానంతటదే తగ్గుతుంది, 1.5 సెం.మీ. దాటినా, ఎర్రబడి మెత్తబడినా డాక్టరుకు చూపించాలి. వారంలోపే పుండు పడితే మాత్రం ఆ బిడ్డకు క్షయ క్రిమి ముందే సోకి ఉండొచ్చు. ఇంట్లో దగ్గుతున్నవాళ్లకీ పరీక్ష చేయించాలి.

ఆరో వారంలో తొడకు, ఐదు జబ్బులకు కలిపి ఇచ్చే పెంటావాలెంట్ టీకా వేస్తారు. బీసీజీ పుండు ముదిరేదీ దాదాపు అప్పుడే, కాబట్టి నింద కొత్త సూది మీద పడుతుంది! పెంటావాలెంట్ వాపు ఒకటి రెండు రోజుల్లోనే వస్తుంది. న్యూట్రోఫిల్స్ లాంటి తెల్ల రక్తకణాలు ముందస్తు పరిచయం అక్కర్లేకుండానే వచ్చి పడతాయి. చల్లటి తడిగుడ్డ వేస్తే సరి.

నిజంగా భయపడాల్సింది నిమిషాల్లో వచ్చే తీవ్రమైన ఎలర్జీకి. ఎలర్జీ రేపే మాస్ట్ కణాలు ఒంటినిండా హిస్టమిన్ అనే రసాయనం గుమ్మరిస్తే దద్దుర్లు, ఆయాసం, సొమ్మసిల్లడం. అరుదే, కానీ తొడ కండకు అడ్రినలిన్ సూది వెంటనే పడాలి. అందుకే ఆటో వచ్చేసినా సరే, అరగంట కేంద్రంలోనే కూర్చోమంటారు.