డబ్ల్యూ15 గెలిస్తే 15 వేల డాలర్లా? ఇండోర్ టెన్నిస్‌పై అపోహలు

అపోహ: డబ్ల్యూ15 (మహిళల ప్రొఫెషనల్ టెన్నిస్‌లో కింది మెట్టు టోర్నీ) గెలిస్తే 15 వేల డాలర్లు చేతికొస్తాయి.

నెల్లూరులో ఆడపిల్లలకు టెన్నిస్ నేర్పుతున్న నాకు ఈ మాట విని విని విసుగొచ్చింది. ఆ 15 వేలు టోర్నీ మొత్తానికి. సింగిల్స్, డబుల్స్ అందరికీ అందులోంచే పంచుతారు. సింగిల్స్ గెలిచిన అమ్మాయికి 2 వేల డాలర్ల పైచిలుకు. మొదటి రౌండ్లో ఓడితే 150 డాలర్లకు అటూఇటూ. విమానం, హోటల్, గట్టింగ్ (రాకెట్‌కు తీగలు బిగించడం) ఖర్చులు మనవే.

దీనికి తోడు ఏజెంట్లు. ‘యూరప్‌లో ఇండోర్ టోర్నీ, వైల్డ్ కార్డ్ ఇప్పిస్తాం, ర్యాంకు ఖాయం’ అంటారు. వైల్డ్ కార్డ్ అంటే ర్యాంకు చాలకున్నా నిర్వాహకులు ఇచ్చే చోటు. కావలి వైపు రొయ్యల గుంటలు చేసే ఒకాయన అది నమ్మి చీటీ పాడుకుని మరీ వచ్చారు. ఫోన్లో పోస్టర్ తెరిచి, 15 అంకె మీద వేలు పెట్టి, "ఇదంతా పాపకేనా సార్?" అన్నారు. ఆయన్ని ఏమనగలం? కూతురి ఆట కోసం నిద్ర మానుకుని తిరిగే మనిషి.

ఆయనకు చెప్పిందే మీకూ చెబుతున్నా. వైల్డ్ కార్డుతో డ్రాలో, అంటే ఆడేవాళ్ల జాబితాలో, చోటు దొరుకుతుంది, అంతే. మొదటి రౌండ్లో ఓడితే పాయింట్లు సున్నా. డబ్ల్యూటీఏ (మహిళల టెన్నిస్ సంఘం) సింగిల్స్ ర్యాంకుల్లో పేరు రావాలంటే మూడు టోర్నీల్లో పాయింట్లు రావాలి, లేదా మొత్తం కనీసం 10 ఉండాలి. అవీ 52 వారాలే నిలుస్తాయి. ఎంట్రీకి కావాల్సిన ఐపిన్ (క్రీడాకారిణి నమోదు నంబరు) ఐటీఎఫ్, అంటే అంతర్జాతీయ టెన్నిస్ సమాఖ్య, సైట్లో మీరే తీసుకోవచ్చు. మధ్యవర్తికి పైసా ఇవ్వక్కర్లేదు.

అపోహ: పైకప్పు ఉంటే ఆట సులువు.

గాలీ ఎండా లేకపోవడం ఎదుటి అమ్మాయికీ కలిసొస్తుంది, సర్వీస్ గట్టిగా కొట్టేదైతే మరీను. మే నెలలో మన దగ్గర భుజం దాకా లేచే బంతి, చాలా ఇండోర్ హార్డ్ కోర్టుల్లో అంత లేవకుండా జారిపోతుంది. స్టుట్‌గార్ట్‌లో మాత్రం 2009 నుంచి పైకప్పు కింద మట్టి కోర్టే. గెలిస్తే పోర్షె కారు కూడా ఇస్తారు, కానీ అది డబ్ల్యూటీఏ 500 అనే పెద్ద స్థాయి టోర్నీ, మన పిల్లలకు ఇప్పట్లో సంబంధం లేని లోకం.

వయసు సంగతి: 14 నిండందే ప్రొఫెషనల్ టోర్నీలో ఆడనివ్వరు. 18 దాకా ఏడాదికి ఇన్నే అని పరిమితి.

ఇండోర్ అయితే పిల్ల నల్లబడదు కదా అనే అమ్మలకు నా దగ్గర జవాబు లేదు.

ఇక, నవంబర్ వానల్లో షటిల్ హాల్లో ఆడించమంటారు. షటిల్ కోర్టు పొడవు 44 అడుగులు, టెన్నిస్‌ది 78. బేస్‌లైన్ వెనక మరో 21 అడుగులు, నెట్ దగ్గర పైకప్పుకు 30 అడుగుల ఎత్తు కావాలి. ఆ హాల్లో లాబ్ (ఎదుటివాళ్ల తల మీదుగా పైకి కొట్టే షాట్) లేపితే తగిలేది ఫ్యాన్‌కే. ఫిట్‌నెస్ వరకైతే సరే, హాల్ అద్దె తలా కాస్త వేసుకుందాం.