అన్నం, చపాతీ లేని వంట: అపోహలు - వాస్తవాలు

నేను డైటీషియన్‌ని. ఈమధ్య నా దగ్గరికి వచ్చేవాళ్లు చాలామంది ఫోన్‌లో ఏదో ఒక గ్రెయిన్-ఫ్రీ వంటల పుస్తకం తెరిచి చూపిస్తున్నారు. బియ్యం, గోధుమ, మొక్కజొన్న, ఓట్స్, చిరుధాన్యాలు ఏవీ లేకుండా వండుకునే పద్ధతి అది. పుస్తకం ఎక్కువగా అమెరికా నుంచి వచ్చిందే ఉంటుంది. మొదటి పేజీ నుంచి వరసగా వండుకుంటూ పోదామని కూర్చుంటారు. బయటి తిండి మానేసి ఇంట్లో వండుకుందామనే ఆ పట్టుదల నాకు నిజంగా నచ్చుతుంది. అయితే కొన్ని పొరపాటు నమ్మకాలు మాత్రం అందరి నోటా వినిపిస్తున్నాయి. వాటి గురించే ఇది.

అపోహ: అన్నం మానేసి కొర్రలు, రాగులు తింటే గ్రెయిన్-ఫ్రీ అయినట్టే.

వాస్తవం: కాదు. జొన్న, సజ్జ, రాగి, కొర్ర, సామ, అరిక, ఊద అన్నీ వరి, గోధుమల్లాగే గడ్డిజాతి మొక్కల గింజలు. బియ్యంలో 100 గ్రాములకు 78 గ్రాముల దాకా పిండిపదార్థం ఉంటే, చిరుధాన్యాల్లో చాలావాటిలో 60 నుంచి 70 గ్రాములు ఉంటుంది. పీచు ఎక్కువ. 100 గ్రాముల రాగుల్లో కాల్షియం 350 మిల్లీగ్రాముల దరిదాపు ఉంటుంది. పాలు తాగనివాళ్లకు అది పెద్ద మొత్తమే. ఇవన్నీ మంచి విషయాలే. కానీ పళ్లెం నిండా కొర్రన్నం తిని షుగర్ ఎందుకు తగ్గలేదని అడిగితే, ఆ పళ్లెమే జవాబు. డయాబెటిస్ మీద దేశవ్యాప్తంగా చేసిన ఐసీఎంఆర్-ఇండియాబ్ సర్వేపై 2025లో వచ్చిన విశ్లేషణ కూడా ఇదే చెప్పింది. మనవాళ్లు తినే కేలరీల్లో సుమారు 62 శాతం పిండిపదార్థాల నుంచే వస్తున్నాయి. తెల్లబియ్యం బదులు గోధుమపిండి, చిరుధాన్యాల పిండి వాడినంత మాత్రాన డయాబెటిస్ ముప్పు తగ్గినట్టు అందులో కనిపించలేదు. మొత్తం పిండిపదార్థం తగ్గించి ఆ చోట ప్రోటీన్ పెంచడం వల్లే తేడా కనిపించింది.

అపోహ: ధాన్యం లేకపోతే చాలు, అది ఆరోగ్యకరమైన వంటే.

వాస్తవం: ఎక్కువమంది బోల్తా పడేది ఇక్కడే. మినపగారెల్లో గింజ ధాన్యం ఉండదు. ఉత్త మినపప్పు సున్నుండల్లోనూ ఉండదు. అంతమాత్రాన వాటిని రోజూ తినమని ఎవరూ చెప్పరు కదా. సగ్గుబియ్యం సంగతీ అంతే. కర్రపెండలం దుంప పిండితో చేస్తారు కాబట్టి ధాన్యం కాదు, పుస్తకాలన్నీ దాన్ని ధైర్యంగా వాడేస్తాయి. కానీ 100 గ్రాముల సగ్గుబియ్యంలో 85 గ్రాములకు పైగా పిండిపదార్థమే ఉంటుంది, ప్రోటీన్ ఒక గ్రాము కూడా ఉండదు. అన్నం మానేసి సగ్గుబియ్యం ఉప్మా తింటే షుగర్ పేషెంటుకి ఒరిగేదేమీ లేదు.

బాదంపిండితో ఇబ్బంది వేరు. పోషకాల పరంగా మంచిదే. అయితే 100 గ్రాములకు దాదాపు 600 కేలరీలు. గోధుమపిండికి 320 నుంచి 340 మాత్రమే. ఆ పిండితో కేక్ చేసి, పంచదార బదులు తేనె, ఖర్జూరం పోసి, ఇది హెల్దీ అని రెండు ముక్కలు ఎక్కువ తింటున్నారు. తేనె అయినా కొబ్బరి పంచదార అయినా ఒంట్లోకి వెళ్లాక చక్కెరే. వంటల పుస్తకంలో మీకు అసలు ఉపయోగపడేవి కూరలు, సూపులు, సలాడ్లు, గుడ్డు-చేప వంటలు ఉన్న పేజీలు. బేకింగ్ పేజీలను పండగలకు ఉంచుకోండి.

అపోహ: గ్రెయిన్-ఫ్రీ, గ్లూటెన్-ఫ్రీ రెండూ ఒకటే.

వాస్తవం: గ్లూటెన్ అనేది ఒక రకం ప్రోటీన్. అది ఉండేది గోధుమ, బార్లీ, రై గింజల్లో. బియ్యంలో, జొన్నల్లో, రాగుల్లో లేదు. గ్లూటెన్ తింటే పేగు దెబ్బతినే సీలియాక్ జబ్బు ఉన్నవాళ్లు గ్లూటెన్ పూర్తిగా మానాలి, అన్నం మానక్కర్లేదు. వాళ్లకు అసలు ప్రమాదం కనిపించని చోట్ల ఉంటుంది. బజార్లో దొరికే ఇంగువ డబ్బా వెనక చదవండి. చాలా బ్రాండ్లలో ఇంగువకి గోధుమపిండో మైదానో కలిపి ఉంటుంది. పప్పులో చిటికెడు వేసేస్తాం, గుర్తుకు కూడా రాదు. సోయాసాస్‌లోనూ మామూలుగా గోధుమ ఉంటుంది. ఇంకో ముఖ్యమైన మాట: గోధుమ పడటం లేదని అనుమానం ఉంటే, మానేయకముందే రక్తపరీక్ష చేయించుకోండి. ముందే మానేస్తే జబ్బు ఉన్నా పరీక్షలో బయటపడకపోవచ్చు.

అపోహ: పప్పులు కూడా మానేయాలి, పుస్తకంలో అలాగే ఉంది.

వాస్తవం: ఆ పుస్తకాల్లో చాలావరకు పాలియో పద్ధతివి, అంటే ఆదిమానవుల తిండిని అనుకరించేవి. రోజూ మాంసం తినే ఇళ్లను దృష్టిలో పెట్టుకుని రాసినవి. శాకాహారులు వాటిని ఉన్నదున్నట్టు పాటిస్తే ప్రోటీన్ ఎక్కడి నుంచి వస్తుంది? చాలామందికి తట్టని విషయం ఒకటుంది. బియ్యంలోనూ 100 గ్రాములకు 7, 8 గ్రాముల ప్రోటీన్ ఉంటుంది. రోజుకు పావుకిలో బియ్యం తినే మనిషికి అందులోంచే 18, 20 గ్రాములు అందుతుంది. అన్నంతో పాటు పప్పు కూడా తీసేస్తే రెండు వైపులా దెబ్బ. రెండు మూడు నెలలు తిరిగేసరికి నీరసం, జుట్టు ఊడుతోందని వస్తారు. పప్పులు ధాన్యం కాదు, వాటిని నిశ్చింతగా తినండి.

మన పెసరట్టే చూడండి. మామూలుగా గుప్పెడు బియ్యం వేసి రుబ్బుతాం. బియ్యం లేకుండానూ వస్తుంది. పొట్టు పెసలు ఐదారు గంటలు నానబెట్టి, అల్లం, పచ్చిమిర్చి, జీలకర్రతో కాస్త బరకగా, గట్టిగా రుబ్బుకోవాలి. మెత్తగా రుబ్బితే పెనానికి అతుక్కుంటుంది. పెనం బాగా కాలాక మంట తగ్గించి, పల్చగా పోసి, అంచులు లేచేదాకా కదపకూడదు. బియ్యం వేసినంత కరకరలాడదు. కానీ వేడివేడిగా అల్లప్పచ్చడితో తింటే ఆ లోటు తెలియదు. ఉప్మా మాత్రం లోపల పెట్టకండి, అది గోధుమరవ్వ.

అపోహ: కాలీఫ్లవర్ రైస్ మన నోటికి ఎక్కదు.

వాస్తవం: అన్నంలా ఉంటుందని ఆశిస్తే ఎక్కదు. కూరలా వండితే బాగుంటుంది. తురిమాక బట్టలో వేసి పిండాలి, వెడల్పు మూకుడులో మూత పెట్టకుండా నాలుగైదు నిమిషాలు వేయించాలి. మూత పెడితే ముద్దయి వాసన వస్తుంది. పులిహోర చేసుకోవాలంటే చింతపండు పులుసు నూనె తేలేదాకా దగ్గరగా ఉడికించి కలపండి, ఎందుకంటే కాలీఫ్లవర్‌లో నీరు ఇంకా మిగిలే ఉంటుంది. పోపులో పల్లీలు, శనగపప్పు కాస్త ఎక్కువ వేయండి. పప్పుచారు పోసుకుని తినాలంటే మాత్రం ఇది కుదరదు, ఆ పూటకి పిడికెడు అన్నమే నయం.

అపోహ: ఇది తిండే కదా, మందుల డోసు మార్చుకోనక్కర్లేదు.

వాస్తవం: నాకు అన్నిటికంటే టెన్షన్ పుట్టించేది ఇదే. ఇన్సులిన్ గానీ, గ్లిమిపిరైడ్ లాంటి మాత్రలు గానీ వాడుతూ ఒక్కసారిగా అన్నం, చపాతీ మానేస్తే షుగర్ ప్రమాదకరంగా పడిపోవచ్చు. డాపాగ్లిఫ్లోజిన్, ఎంపాగ్లిఫ్లోజిన్ అనే షుగర్ మాత్రలు వాడేవాళ్లు పిండిపదార్థం బాగా తగ్గిస్తే రక్తంలో కీటోన్లు (కొవ్వు కరిగేటప్పుడు పుట్టే ఆమ్లాలు) పెరిగి ప్రాణం మీదికి రావచ్చు. అప్పుడు షుగర్ మరీ ఎక్కువ చూపించకపోవచ్చు కూడా. మొదలుపెట్టే ముందే డాక్టర్‌తో మాట్లాడి డోసు సరిచేయించుకోండి. కిడ్నీ జబ్బు ఉన్నవాళ్లు బాదం, కొబ్బరి, పప్పులు ఇష్టానికి పెంచకూడదు.

అపోహ: మొదటి వారంలోనే బరువు తగ్గింది, అంటే కొవ్వు కరిగినట్టే.

వాస్తవం: ఆ మొదటి రెండు కిలోల్లో ఎక్కువ భాగం నీరే. ఒంట్లో గ్లైకోజెన్ రూపంలో నిల్వ ఉన్న పిండిపదార్థం ఖర్చవుతుంటే దాన్ని పట్టుకుని ఉన్న నీరూ పోతుంది. రెండో నెలలో నడుము కొలత చూసుకోండి.

అపోహ: ఇంటిల్లిపాదీ ఇలాగే తినాలి.

వాస్తవం: అక్కర్లేదు. జాతీయ పోషకాహార సంస్థ 2024లో ఇచ్చిన మార్గదర్శకాల్లో కూడా ధాన్యాలను పూర్తిగా తీసేయలేదు. 2000 కేలరీల తిండిలో ధాన్యాలు 250 గ్రాములు, పప్పులు 85, కూరగాయలు 400 గ్రాములు అని చెప్పింది. మన ఇళ్లలో ఆ 400 గ్రాముల కూరగాయలే ఎక్కడా కనిపించవు. ఎదిగే పిల్లలకు, గర్భిణులకు, ఆకలి తగ్గిన పెద్దవాళ్లకు అన్నం మాన్పించే పని పెట్టుకోకండి. అమ్మలు రెండు రకాల వంటలు చేయలేక నెలలోపే విసిగిపోవడం చూస్తూనే ఉంటాను. కంద-బచ్చలి, గుత్తివంకాయ, తోటకూర పప్పు లాంటివి అందరికీ కలిపి ఎక్కువ మోతాదులో వండండి. కుక్కర్‌లో బియ్యం తినేవాళ్లకి సరిపడా పెట్టండి. మీరు కూర గిన్నెతోనూ, పెరుగుతోనూ కానివ్వండి. పిల్లల బాక్సులో అన్నం మామూలుగానే పెట్టి, కూర డబ్బా మాత్రం ఇంకాస్త పెద్దది తీసుకోండి.