పోయిందా, తీయించారా?

రాయగడలో మా పక్కింటి కోడలికి మూడో నెలలో కడుపు పోయింది. నర్సు ఒడియాలో "గర్భపాత" అంది. ఆ భాషలో తనంతట పోయినా, తీయించినా అదే మాట. చీటీ మీద డాక్టరు "స్పాంటేనియస్ అబార్షన్" అని రాశారు. అత్తగారు రెండో మాట ఒక్కటే పట్టుకుని, గొంతు తగ్గించి నన్నడిగింది: "తీయించేసుకుందేటి, టీచరమ్మా?"

తప్పు ఆవిడది కాదు. మనకు అబార్షన్ అంటే తీయించుకోవడం. వైద్యులకు రెండూ అబార్షనే. స్పాంటేనియస్ అంటే తనంతట తాను అని. రక్తం కనబడి, గర్భం ఇంకా నిలిచే ఉంటే "థ్రెటెన్డ్ అబార్షన్" అంటారు. ఆ పేరు చూసి హడలిపోతారు గానీ, అలాంటి గర్భాలు చాలావరకు నిలుస్తాయి.

చట్టం దగ్గర ఇదంతా తిరగబడుతుంది. 1860 నాటి శిక్షాస్మృతి 312వ సెక్షన్‌లో, ఇప్పటి న్యాయ సంహిత 88లో, ఒకరు చేయించిన గర్భస్రావానికే "మిస్‌క్యారేజ్" అని పేరు. అదే మాట 2025 దాకా అమల్లో ఉన్న 1961 ప్రసూతి ప్రయోజన చట్టంలో ఉద్యోగినికి 6 వారాల జీతంతో సెలవు ఇచ్చేది. కోర్టులో న్యాయం దారి తప్పినా ఇంగ్లీషులో మిస్‌క్యారేజే. ఒకప్పుడు ఉత్తరం చేరకపోయినా అదే అనేవారు. మనకేమో నెల తప్పితే శుభవార్త!

ఆయుర్వేదం వాళ్లు కాస్త తూచి మాట్లాడారు. నాలుగో నెల దాకా స్రావం, శరీరం గట్టిపడ్డాక అయిదు, ఆరు నెలల్లో పాతం. కారేది వేరు, పడేది వేరు.

"మరెందుకు పోయింది? బిందె ఎత్తిందనా?" అంది ఆవిడ. బిందె వల్ల కాదు, జీపు కుదుపుల వల్లా కాదు. తెలిసిన గర్భాల్లోనే నూటికి 10 నుంచి 20 దాకా ఇలా పోతాయి, ఎక్కువగా మొదటి 12 వారాల్లో. వాటిలో దాదాపు సగం పిండంలో క్రోమోజోముల లెక్క తప్పడం వల్లే. మా కొండల వైపు మలేరియా కూడా ఒక కారణం, అందుకే కడుపుతో ఉన్నప్పుడు జ్వరం వస్తే రక్తపరీక్ష చేయించాలి.

అంతా విని, చీటీ మళ్లీ నా చేతిలో పెట్టింది. "ఆ ఇంగ్లీషు మాట కొట్టేసి మన మాట రాయవా అమ్మా, ఎవరైనా చూస్తారు."

కొట్టేయలేదు. వెనకవైపు పెన్సిల్‌తో "కడుపు నిలవలేదు" అని రాసిచ్చాను.